అడగకుండా ఇచ్చిన నంబరు

ముప్పై మూడేళ్లు సూర్యాపేటలో ఒకే మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేశాను. పని మానేశాక ఒక కాలేజీ వాళ్లు పిలిచి, ఫార్మసీ చదివే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. మందుల నిల్వ గురించి, డాక్టర్ల చీటీలు చదవడం గురించి చెప్పి వచ్చాను. చెప్పవలసిన అసలు సంగతి మాత్రం చెప్పలేదు. మైకు ముందు నోరు రాలేదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

గొంతు తగ్గించడం

కాలేజీలో మోతాదులు నేర్పుతారు, ఏ మందు దేనితో కలవకూడదో నేర్పుతారు. కౌంటర్ దగ్గర మొదట నేర్చుకోవలసింది గొంతు తగ్గించి మాట్లాడటం.

మా షాపు ఆసుపత్రి రోడ్డు మీద ఉండేది. పొద్దున పదింటికి పదిహేను మంది నిలబడి ఉంటే, అందులో సగం మంది ఒకరికొకరు తెలిసినవాళ్లే. చేరిన కొత్తలో ఒక హైస్కూలు మాస్టారు చీటీ ఇచ్చారు. రాత అర్థంకాక, "మొలల ఆయింట్‌మెంటేనా సార్?" అని గట్టిగా అడిగాను. ఆయన వెనకాల, ఆయన దగ్గర చదివే పిల్ల తల్లి నిలబడి ఉంది. "నాకు కాదమ్మా, మా బావమరిదికి" అని చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మందు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

కడుపులో జబ్బులకు ఈ కష్టం ఉంది. షుగర్ ఉన్నవాళ్లు పెళ్లి పంక్తిలో కూడా గోళీల గురించి మాట్లాడుకుంటారు. గుండెకు ఆపరేషన్ అయినవాళ్లు చొక్కా గుండీ తీసి మచ్చ చూపిస్తారు. రోజుకు పదిసార్లు పాయిఖానాకు వెళ్లాల్సి వచ్చే మనిషి మాత్రం ఎవరికీ చెప్పడు. చెప్పేవాడు లేడు కాబట్టి, తనలాంటి వాడు ఇంకొకడు ఉన్నాడని కూడా అతనికి తెలియదు.

సేటు

మా యజమాని పేరు పురుషోత్తం. అందరూ సేటు అనేవాళ్లు. పదో తరగతి దాకా చదివాడు, మందుల పేర్లన్నీ నోటికి వచ్చు. ఆయన మీద నాకు పెద్ద ప్రేమ ఏమీ లేదు. కౌంటర్ వెనక కూర్చోవడానికి ఒక స్టూలు అడిగితే రెండేళ్లకు వేయించాడు. ఆడమనిషి లెక్క చూస్తే తప్పు పోతుందని నా ఎదుటే అనేవాడు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండేవాడు. ఎవరి చీటీ అయినా పేరు పైకి కనబడేలా కౌంటర్ మీద ఉంటే, వచ్చి బోర్లా తిప్పేవాడు. "చీటీ సదువుడు మన పని. మనిషిని సదువుడు మన పని గాదమ్మా" అనేవాడు. అది గిరాకీ పోకుండా చూసుకునే తెలివి అనుకున్నాను. కొంత అదే. కానీ ఆ తెలివి నాకు లేకపోయింది.

ఒకే మందు వాడే ఇద్దరు

పదేళ్ల కిందటి మాట. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే జబ్బు ఒకటి ఉంది. అంటువ్యాధి కాదు. పూర్తిగా పోదు. మందులకు అణిగి ఉంటుంది, మళ్లీ ఎప్పుడో లేస్తుంది. లేచినప్పుడు నెత్తురు పడుతుంది, కడుపు మెలిపెడుతుంది, ఆపుకోవడం చేతకాదు. దానికి ఏళ్ల తరబడి వేసుకోవలసిన గోళీలు అప్పట్లో మా వైపు షాపుల్లో దొరికేవి కావు. మేము హైదరాబాదు నుంచి తెప్పించేవాళ్లం. స్టాకు రాగానే ఫోన్ చేయడానికి, వాడేవాళ్ల పేర్లూ నంబర్లూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకునేదాన్ని.

ఆ పుస్తకంలో మిర్యాలగూడ నుంచి ఉపేందర్ ఉండేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. అన్నతో కలిసి బియ్యం మిల్లు నడిపేవాడు. నెలకోసారి వచ్చి, కారు దూరంగా ఆపుకుని, జనం పలచబడ్డాక లోపలికి వచ్చేవాడు. మందుల మీద షాపు పేరున్న కవరు వేయనిచ్చేవాడు కాదు. గుడ్డ సంచీ తెచ్చుకునేవాడు. మూడేళ్లలో ఒక్కసారే నాతో నాలుగు మాటలు మాట్లాడాడు.

"పెండ్లిలకు పోయి తినకుంటే పొగరంటరు మేడమ్. తింటే నా తిప్పలు నాకే ఎర్క."

"ఇంట్లో తెలుసు కదా?" అన్నాను.

"నా భార్యకు ఎర్క. అన్నకు చెప్పలే. రోగిష్టోడు మిల్లేం నడుపుతడు అంటే నేనేం జెప్పాలె?"

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. విన్న తర్వాతే, ఇప్పుడు చెప్పబోయే పని చేశాను.

రెండో మనిషి మంగ. కోదాడ ఆమె, బస్సు కండక్టర్. కోదాడకూ సూర్యాపేటకూ మధ్య రోజూ తిరిగేది. ఒక మధ్యాహ్నం బస్సు సూర్యాపేటలో ఆగి ఉన్నప్పుడు యూనిఫారంలోనే షాపుకు వచ్చింది. గోళీలు తీసుకుని కదలలేదు.

"మేడమ్, ఒకటి అడగనా? ఈ గోళీలు ఇంకెవరన్నా కొంటారా, లేకపోతే నా ఒక్కదాని కోసమే తెప్పిస్తారా?"

ఎందుకు అలా అడిగావన్నాను. కౌంటర్ పక్కకు వచ్చి, బ్యాగు గట్టిగా పట్టుకుని చెప్పింది.

"పొద్దున డ్యూటీ ఎక్కితే దిగేదాకా ఏమీ తిననండి. తింటే భయం. మొన్న మునగాల కాడ ఆగలేక బస్సు ఆపించి దిగాను. నేను తిరిగొచ్చేసరికి ఒకాయన, 'కండక్టరమ్మకు కడుపు మంచిగ లేదంట, మనం గీడ్నే వంట జేసుకుందాం పట్టుర్రి' అన్నాడు. బస్సంతా నవ్వారు. డ్రైవరన్న కూడా నవ్వాడు. ఎనిమిదేళ్ల నుంచి నన్ను చెల్లెమ్మా అని పిలిచే మనిషి."

"మీ ఆయనకు చెప్పలేదా?"

"చెప్పా. మంచోడే. కానీ నెత్తురు పడతాందంటే క్యాన్సరనుకుని ఏడుస్తాడు. మళ్లీ ఆయన్ని నేనే ఓదార్చాలి." కళ్లు తుడుచుకుంది. "నాలాంటోళ్లు ఒక్కరుంటే చాలు మేడమ్. నాకేం చెప్పక్కర్లా. ఊరికే అట్టా పక్కన కూర్చుంటే చాలు."

నేను నోటుబుక్కు తీశాను. "ఉన్నారు మంగా. మిర్యాలగూడలో మిల్లు వాళ్లు. పేరు ఉపేందర్" అని, నంబరు చీటీ మీద రాసి చేతికిచ్చాను. ఆమె ముఖం వెలిగింది. ఆ రోజంతా నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఒక మంచి పని జరిగింది, అది నావల్లే జరిగింది అనే సంతోషం అది. ఇందులో ఉపేందర్ ఎక్కడా లేడు.

మిల్లులో జరిగింది

మంగ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. అతను "రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. ముక్కూ ముఖం తెలియని ఆడమనిషి ఫోన్‌లో మాట్లాడితే జంకాడేమో, ఎదురుగా కనబడితే మాట్లాడతాడు అనుకుంది. తన సెలవు రోజున బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లింది. మిల్లు ఆఫీసు గదిలో ఉపేందర్ అన్న జనార్దన్ కూర్చుని ఉన్నాడు. పక్కనే గుమస్తా ఉన్నాడు.

"ఉపేందర్‌తోని నీకేం పని?" అని అడిగాడు జనార్దన్.

"ఆయనా నేనూ ఒకే మందు వాడతామండి, పెద్దపేగు జబ్బుకి. సూర్యాపేట మందుల షాపు మేడమ్ చెప్పారు."

మంగ అబద్ధం చెప్పలేని మనిషి. అక్కడ అబద్ధం అవసరమని ఆమెకు ఎవరూ చెప్పలేదు కూడా. గుమస్తా తల వంచుకుని రిజిస్టర్‌లోకి చూశాడు. అంతలో ఉపేందర్ లోపలి నుంచి వచ్చాడు. అన్న ముఖం చూశాడు, ఈమె ముఖం చూశాడు.

"ఎవలామె? నాకు తెల్వదు. నాకేం జబ్బు లేదన్నా. ఎవల్నో అనుకొని గీడికి వచ్చినట్టుంది" అన్నాడు.

మర్నాడు మంగ షాపుకు వచ్చి ఇదంతా చెప్పింది. కోపం లేదు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"మీరు ఆయన్ని అడిగే నంబరిచ్చారనుకున్నా మేడమ్."

"అడగలేదు" అన్నాను.

"అయితే నా సంగతి ఇంకెవరెవరికి చెప్పారు?"

ఎవరికీ చెప్పలేదు. అది నిజమే. అదే అన్నాను కూడా. నమ్మడానికి ఆమెకు ఏ ఆధారమూ లేదు. తల ఊపి బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే జనార్దన్ సేటుకు ఫోన్ చేశాడు, తమ్ముడికి ఏం జబ్బో చెప్పమని. సేటు, "మేం ఎవల చీటీ ఎవలకు చెప్పం సార్" అని ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు. అరవలేదు.

"ఇప్పుడు నేను చెప్పకుంటే ఏమాయె? నువ్వు చెప్తివి కదమ్మా" అన్నాడు. నోటుబుక్కు తీసుకుని తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఇగ ఇది నా కాడ ఉంటది."

నన్ను పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. తీసేయలేదు. స్టూలు విషయంలో ఆయన మీద ఎంత కోపం ఉన్నా, ఈ మాట కూడా రాయాలి.

కదలని పెట్టెలు

తర్వాతి నెల ఉపేందర్ రాలేదు. అతని కోసం తెప్పించిన పెట్టెలు ర్యాకులో అలాగే ఉన్నాయి. హైదరాబాదు నుంచి మందులు తెచ్చే ఏజెంటును, మిర్యాలగూడలో ఇంకెవరైనా ఈ సరుకు అడుగుతున్నారా అని అడిగాను. ఎవరూ లేరన్నాడు. అంటే ఉపేందర్ మా వైపు ఇంకెక్కడా కొనడం లేదు. హైదరాబాదులోనే తెచ్చుకుంటున్నాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో నెలా గడిచింది. ఫోన్ చేయాలని రెండుసార్లు అనిపించింది. చేయలేదు. ఏ ముఖం పెట్టుకుని చేయాలి?

ఫార్మసిస్టుకు ఒక సంగతి తెలుస్తుంది, డాక్టరుకు ఆలస్యంగా తెలుస్తుంది. రోగి మందు ఎప్పుడు మానేశాడో ర్యాకును చూస్తే తెలుస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా ఊరుకోవడం నా రెండో తప్పు. మొదటిదాని కంటే ఇదే పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది. మొదటిది తెలివితక్కువ. ఇది పిరికితనం.

స్వరూప

మూడో నెలలో ఒకామె వచ్చింది. జుట్టు సరిగా దువ్వుకోలేదు. హైదరాబాదు ఆసుపత్రి ఫైలు చేతిలో ఉంది.

"నేను ఉపేందర్ భార్యను. నా పేరు స్వరూప" అంది.

లోపలికి రమ్మని నా స్టూలు వేశాను. కూర్చోలేదు.

"నీకు జబ్బుందా అని వాళ్లన్న అడిగిండు. లేదన్నడు ఈయన. లేదని సూపెట్టాలె గదా, గోళీలు బంద్ జేసిండు. అందరితోని కూసొని మిరపకాయ తొక్కేసుకొని తిన్నడు. పది రోజులు మంచిగనే ఉన్నడు, సూసినవా నాకేం లేదు అన్నడు. ఆ తర్వాత మొదలైంది. నాకు కూడా చెప్పకుండ దాసిండు. బాత్రూంల పడిపోతే అప్పుడు సూసిన. నాలుగు సీసాల రక్తం ఎక్కించిండ్రు. పేగు తీసేయాల్సొస్తదేమో అన్నరు. దేవుని దయ, అక్కర పడలే."

నేను తప్పు ఒప్పుకున్నాను. ఆమె వినిపించుకోలేదు. దాని కోసం రాలేదు.

"ఆ దినం మిల్లుకొచ్చినామె నంబరు కావాలె నాకు."

చెయ్యి సేటు సొరుగు వైపు వెళ్లింది, ఆగిపోయింది. "ఆమెను అడిగి ఇస్తానమ్మా" అన్నాను.

స్వరూపకు కోపం వచ్చింది. రావలసిందే. "మా నంబరు ఇచ్చేటప్పుడు గీ అడుగుడు ఎటు పోయింది మేడమ్?"

సేటు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. సొరుగు తాళం తీసి, నోటుబుక్కు నా ముందు పెట్టి, పోయి కూర్చున్నాడు. స్వరూప ఎదుటే మంగకు ఫోన్ చేశాను. ఎవరు వచ్చారో, ఏం జరిగిందో చెప్పాను. నంబరు ఇవ్వనా, వద్దా అని అడిగాను. అవతల బస్సు హారన్లు వినబడుతున్నాయి.

"ఆయనతో మాట్లాడనండి" అంది చివరికి. "ఆమెతో అయితే మాట్లాడతా. ఇవ్వండి."

స్వరూప ఫోన్ అందుకుంది. "అక్కా, ఆయనకు ఏం వండిపెట్టాలో తెల్వది. ఏం పెట్టినా భయమైతాంది. ఎవల్నడగాలె?"

అటు నుంచి మంగ ఏమందో వినలేదు. స్వరూప మాత్రం నా స్టూలు మీద కూర్చుంది. పెన్ను అడిగి ఆసుపత్రి ఫైలు అట్ట మీదే రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు దాకా, రోగి గురించి ఆలోచించానే తప్ప, రోగికి వండిపెట్టే మనిషికి కూడా ఎవరూ ఉండరని నాకు తట్టలేదు.

మునగాల దాబా

తర్వాతి సంగతులు కొన్ని స్వరూప, కొన్ని మంగ చెప్పగా తెలిసినవి. నెలరోజులు వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. స్వరూప స్పీకరు పెట్టి మాట్లాడేది. ఉపేందర్ పక్క గదిలో పడుకుని వినేవాడు. జబ్బు లేచినప్పుడు తనకు మెత్తటి అన్నం, పలచటి మజ్జిగ పడతాయని మంగ చెప్పేది. అందరికీ అదే పడాలని లేదు, ఏది తిన్న రోజు ఎలా ఉందో రాసుకుంటే ఎవరిది వాళ్లకు తెలుస్తుంది అనేది. మందు మాత్రం డాక్టరు మానమంటే తప్ప మానొద్దు అనేది. బ్యాగులో ఒక జత బట్టలు ఎప్పుడూ ఉంచుకోవాలి అనేది. హైవే మీద ఎక్కడెక్కడ శుభ్రమైన బాత్రూములు ఉన్నాయో, ఏ దాబా వాళ్లు ఏమీ కొనకపోయినా వెళ్లనిస్తారో అన్నీ చెప్పేది. ఒకరోజు ఉపేందర్ గదిలోంచే, "మునగాల కాడ ఏ దాబానో అడుగు" అన్నాడట. అతను మాట్లాడిన మొదటి మాట అది.

మంగ బస్సు ఆ దాబా దగ్గర పది నిమిషాలు ఆగేది. ఒకరోజు బస్సు దిగేసరికి ఉపేందర్, స్వరూప అక్కడ నిలబడి ఉన్నారు. చాలా చిక్కిపోయి ఉన్నాడు. చేతులు కట్టుకుని, "ఆ రోజు నిన్ను తెల్వదన్న. తప్పయింది చెల్లె" అన్నాడు.

మంగ దాబా వైపు చెయ్యి చూపింది. "బాత్రూం వెనకాల ఎడమ పక్కనుంది, చూసుకున్నారా సార్?" అంది. ముగ్గురూ నవ్వారట. నవ్వుతూనే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయని స్వరూప చెప్పింది. పది నిమిషాల బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు. ఆ మధ్యే మంగ ఆ డ్రైవరుకు తన జబ్బు సంగతంతా చెప్పేసింది. మిల్లులో నలుగురి ముందూ చెప్పాక ఇంక దాచడానికి ఏముంది అనుకుందట.

అంతా బాగుపడిందని రాయలేను. జనార్దన్ ఆసుపత్రిలో, "ఇన్నేండ్లు నా పక్కన కూసొని తిన్నవు, నాకొక్క మాట చెప్పలే" అని ఏడ్చాడు. కానీ ఇంటికి వచ్చాక తమ్ముణ్ణి ఊర్లు తిరిగి ధాన్యం కొనే పని మాన్పించి ఆఫీసులో కూర్చోబెట్టాడు. ప్రేమతోనే చేశాడు. ఉపేందర్‌కు మాత్రం అది తను భయపడ్డదే. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదని నేను ఒప్పుకోవాలి. దాచుకునేవాళ్లకు దాచుకోవడానికి కారణాలుంటాయి. ఆ కారణాలు మనకు చిన్నవిగా కనబడతాయి, ఎందుకంటే నష్టం మనది కాదు.

ఇద్దరు నలుగురయ్యారు, తర్వాత పది మంది దాకా అయ్యారు. ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారు. కొత్తగా ఎవరైనా ఈ మందు చీటీతో వస్తే, వాళ్లను అడిగి, సరేనంటే అప్పుడు మంగకు ఫోన్ చేసి ఆమెనూ అడిగేదాన్ని. వద్దన్నవాళ్లూ ఉన్నారు. ఒకాయన నాలుగేళ్లు వద్దని, అయిదో ఏడు తనే అడిగాడు. ఆ గ్రూపులో నేను లేను. చేర్చమని అడగలేదు, వాళ్లూ చేర్చలేదు. ఉపేందర్ మళ్లీ మా షాపు మెట్లెక్కలేదు. మందుల కోసం స్వరూపే వచ్చేది. అది అతని హక్కు.

నడిగూడెం అమ్మాయి

రిటైరయ్యాక, కిందటేడు, నడిగూడెం నుంచి ఒక తల్లీ కూతురూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అమ్మాయి పేరు అఖిల. కోదాడలో డిగ్రీ రెండో సంవత్సరం. జబ్బు బయటపడి ఆరు నెలలైంది, కాలేజీ మానేసింది. తల్లి మాట్లాడుతుంటే ఆ పిల్ల నేల చూస్తూ కూర్చుంది.

"ఇదే జబ్బున్నవాళ్లు కొందరు నాకు తెలుసు. మాట్లాడతావా? ఇష్టం లేకపోతే వద్దు" అన్నాను.

అఖిల తల్లి వైపు చూసింది. "అమ్మను కాదు, నిన్నే అడుగుతున్నా."

"నా పేరు చెప్పొద్దు" అంది మెల్లగా. "పేరు చెప్పకుంటే మాట్లాడుత."

మంగ డ్యూటీలో ఉన్నట్టుంది, ఫోన్ ఎత్తలేదు. స్వరూపకు చేసి, ఒక అమ్మాయి ఉంది, పేరు చెప్పడం ఇష్టం లేదంది, ఎవరైనా మాట్లాడతారా అని అడిగాను. "జర ఆగుండ్రి" అంది. లోపల ఏవో మాటలు వినబడ్డాయి. తర్వాత మగ గొంతు వచ్చింది.

"ఉపేందర్‌ని మాట్లాడుతున్న. ఫోను ఆ పిల్లకియ్యుండ్రి."

అన్నేళ్ల తర్వాత అతను నాతో అన్నది అంతే. ఫోన్ అఖిలకు ఇచ్చాను. ఆ పిల్ల వరండాలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. తల్లి వెంట లేవబోతే, టీ పెడదాం రమ్మని వంటింట్లోకి తీసుకెళ్లాను. టీ మరిగింది, ఆరింది, మళ్లీ వేడి చేశాను. నలభై నిమిషాలకు అఖిల లోపలికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అమ్మా, ఆయన రోజూ మిల్లుకు పోతడంట" అంది.

తల్లి చేతిలో గ్లాసు అలాగే ఉంది. "రోజూనా?"

"రోజూ" అంది అఖిల.